పరుపుల కోసం వంచిన పైపు

నాలుగో తారీఖు, మంగళవారం

మా వాడు తాగడం లేదు! చుక్క కూడా తాగడం లేదు! ఆస్పత్రి కాగితం మీద రాసుంది, కింద డాక్టరు సంతకం కూడా ఉంది!

మూడుసార్లు చదివించుకున్నాను. నేను చదివింది ఏడో తరగతి. ఆ కాగితంలో నాకు సొంతంగా అర్థమైంది ఒక్క సున్నా. కోడలు వేలు పెట్టి చూపించింది. "ఇది మందు సంగతి మామయ్యా, సున్నా. ఇది పొగ సంగతి. ఎక్కువున్నది ఇదే." సున్నాను ఇంత ప్రేమగా నేనెప్పుడూ చూడలేదు. గుండ్రంగా, ముద్దుగా ఉంది.

జరిగింది రాసి పెట్టుకోవాలి. మొన్న ఆదివారం ఎవరిదో ఇల్లు మారుస్తుంటే మా వాడు మన ట్రక్కును తీసుకెళ్ళి వాళ్ళ గేటు స్తంభానికి గుద్దేశాడు. దిగి, రెండడుగులు తూలి, గోడ పట్టుకుని కక్కుకున్నాడు. పక్కసీట్లోంచి దిగి, ఆ ఇంటివాళ్ళందరి ముందూ నేను కొన్ని మాటలు అన్నాను. అవి ఇక్కడ రాయను. ఆరు నెలలుగా వాడిది ఇదే వరస. తలనొప్పి అంటాడు, కళ్ళు తిరుగుతున్నాయంటాడు, మధ్యాహ్నం అయ్యేసరికి మాట ముద్దముద్దగా వస్తుంది. నలభై ఏళ్ళు రోడ్డు మీద బతికినవాణ్ణి, ఇవి దేని లక్షణాలో నాకు తెలియదా అనుకున్నాను. కోడలిది మాత్రం మొదటినుంచీ ఒకటే మాట. "పక్కన పడుకునేదాన్ని నేను మామయ్యా. వాసనొస్తే నాకు రాదా, మీకొస్తుందా?"

ఆదివారం కబురు అందగానే ఆ పిల్ల పని బట్టలతోనే పరుగెత్తుకొచ్చింది. నా మొహం కూడా చూడకుండా మొగుణ్ణి భుజం పట్టుకుని ఆస్పత్రికి తీసుకెళ్ళి, అప్పటికప్పుడు రక్తం తీయించింది. కాస్త ఆలస్యమైతే ఒంట్లోంచి పొగ ఆనవాలు పోయేదట. డాక్టరు చెప్పిందేమిటంటే, ఇంజను పొగ క్యాబిన్‌లోకి దూరుతోంది. అందులో ఉండే విషానికి రంగు లేదు, వాసన లేదు. కూర్చున్న మనిషిని కూర్చున్నట్టే మత్తులోకి లాగేస్తుంది. ఇంకో గంట అలాగే నడిపి ఉంటే...

సరే. నడపలేదు కదా. స్తంభం అడ్డొచ్చింది. ఆ స్తంభానికి దండం పెట్టాలి.

నేను వాకిట్లోకి పరుగెత్తి వాణ్ణి గట్టిగా కావలించుకున్నాను. "ఒరేయ్, నువ్వు తాగడం లేదురా!" అన్నాను.

వాడు కొయ్యలా నిలబడ్డాడు. "ఆర్నెల్ల నుంచి నేనూ అదే చెప్తున్నా నాన్నా" అని లోపలికి వెళ్ళిపోయాడు.

అలసట పాపం. రెండు రోజులుగా సరిగ్గా తిండి లేదు.


ఐదో తారీఖు, బుధవారం

వాడు సోమవారం నుంచి, అంటే పదిహేడో తారీఖు నుంచి, ఏదో గిడ్డంగిలో కాపలా పనికి వస్తానని మాట ఇచ్చాడట. మా ఆవిడ చెప్పింది. ట్రక్కు ఇక ముట్టడట. బండి బాగైతే వాడే మనసు మార్చుకుంటాడు. స్టీరింగు పట్టిన చెయ్యి కర్ర పట్టుకుని కూర్చోగలదా!

కోడలి గురించి రాయాలి. గేట్లూ కిటికీ చువ్వలూ చేసే షాపులో వెల్డింగు చేస్తుంది. వీధిలో నడుస్తూ ఏ ఇంటి గేటు మీదైనా అతుకు ఎక్కడుందో కనబడకపోతే "ఇది మా కోడలిదే" అంటాను. సగంసార్లు నిజమే అవుతుంది. ఈ రోజు మెకానిక్కుకు ఫోను చేస్తే "బండి తీసుకురండి, పది రోజులు పడుతుంది" అన్నాడు. నడపొద్దన్న బండిని తీసుకురావడమేమిటయ్యా అంటే, అది మీ ఇష్టం అన్నాడు. కోడలు పక్కనుంచి విని చీర కుచ్చిళ్ళు పైకి దోపింది.

"మనింట్లోనే కోసేద్దాం మామయ్యా. ఇంజను దగ్గర్నుంచి చివరిదాకా ఒక్క పైపు కూడా మిగల్చను. కొత్తది నేనే చేస్తా."

అలా చెప్తారా ఎవరైనా? కూరగాయలు తరుగుతానన్నంత తేలిగ్గా చెప్పింది.

బండి కింద దూరి చూసి, ముక్కు మీద మసితో బయటికొచ్చింది. "మామయ్యా, ఈ పైపు వెనక చక్రాలు దాటి చివరిదాకా పోవాలి కదా? క్యాబిన్ వెనకాలే పక్కకు వంచేసి ఆపేశారేం? ఎవరు చేశారిది?"

"ఏదో గ్యారేజీలో చేసుంటారమ్మా. పాత బండి, ఎవరికి గుర్తుంటుంది" అన్నాను.

నిజంగానే గుర్తులేదు. ఎవరు చేశారో గానీ మంచి ఆలోచనతోనే చేశారు. ఇళ్ళు మార్చే బండి కదా. సామాను ఎక్కించేటప్పుడు వెనక పైపులోంచి పొగ నేరుగా జనం పరుపుల మీదికీ సోఫాల మీదికీ కొట్టేది. ఒకావిడ తన తెల్ల పరుపుకు మసి అంటిందని నన్ను వీధిలో నిలబెట్టి కడిగేసింది. పైపు పక్కకు తిప్పాక ఇన్నేళ్ళలో ఒక్క పరుపుకు మసి అంటితే ఒట్టు. వంపు దగ్గర నూనెడబ్బా రేకు కత్తిరించి, రెండు చుట్లు చుట్టి, మూడు తీగలతో బిగించారు. గట్టి పని. ఇప్పుడు అలా ఎవరు చేస్తారు.


ఆరో తారీఖు

వాన. పని ఆగింది. పైపు గురించి ఆలోచించలేదు.


ఏడో తారీఖు, శుక్రవారం

ఈ రోజు చూసింది నా మనవలకు కూడా చెప్పాలి, వాళ్ళు ఇంకా పుట్టకపోయినా సరే.

ముందు బ్యాటరీ తీగ విప్పింది. ట్యాంకులో పెట్రోలంతా డబ్బాల్లోకి దించి, మా వాడితో వీధి చివరిదాకా మోయించింది. గోనెసంచులు తడిపి ట్యాంకు మీద కప్పింది, పసిపిల్లకు దుప్పటి కప్పినట్టు. ఇసుక బక్కెట్టు ఒకటి, నీళ్ళ బక్కెట్టు ఒకటి. చక్రాలకు ముందూ వెనకా రాళ్ళు. జాకీతో ఎత్తిన తరవాత చట్రం కింద నాలుగు పెద్ద దిమ్మలు పెట్టి, జాకీ దించి, బరువంతా దిమ్మల మీదికి వచ్చిందో లేదో బండిని భుజంతో కుదిపి చూసింది. నేను జాకీ ఒక్కదాన్నే నమ్ముకుని ఎన్నిసార్లు దూరానో. బతికున్నానంటే నా గొప్ప కాదు, ఆ జాకీలది.

తుప్పు వదిలే నూనె రాత్రే పోసి పెట్టింది. అయినా ఇంజను దగ్గరి బోల్టు ఒక్కటీ కదల్లేదు. పానా వేసి లాగింది. గొట్టం తొడిగి ఇద్దరూ లాగారు. లైటు పెట్టి దగ్గరగా చూసి, కింద పడుకునే అరిచింది.

"ఎవడండీ ఈ మహానుభావుడు! బోల్టు ఊడకుండా మీద వెల్డింగు పెట్టేశాడు! బ్యాంకు లాకరుకైనా ఇంత కట్టుదిట్టం ఉండదు!"

మా ఆవిడ గుమ్మంలో కూర్చుని బఠాణీలు వలుస్తోంది. తలెత్తకుండానే అంది, "మహానుభావులు ఎక్కడో ఉండరమ్మా. ఒక్కోసారి కుర్చీలో కూర్చుని టీ తాగుతుంటారు."

నాకు పొలమారింది. కోడలికి వినబడలేదనుకుంటా, రంపం తీసుకుంది.

ట్యాంకుకు దగ్గరున్న చోట గ్రైండరు పెట్టలేదు. నిప్పురవ్వ పడితే అంతే అని చేతిరంపంతోనే కోసింది. వెల్లకిలా పడుకుని, కళ్ళద్దాలు పెట్టుకుని, మొహానికి గుడ్డ కట్టుకుని, తల మీద పడే తుప్పును లెక్కచేయకుండా. కోయబోయే ముందు పైపును తాడుతో చట్రానికి కట్టించింది, తెగగానే మొహం మీద పడకుండా. ఆ తాడు మా వాడి చేతిలో. వాళ్ళిద్దరూ పెద్దగా మాట్లాడుకోరు. ఆ పిల్ల "ఊఁ" అంటే వాడు కాస్త వదుల్తాడు, "ఊఁహూఁ" అంటే బిగిస్తాడు. రంపం గొంతు మారితే ఆపేస్తుంది, బ్లేడు తిప్పుకుని మళ్ళీ మొదలుపెడుతుంది. తొందర లేదు, విసుగు లేదు. నేనైతే ఈపాటికి ఆ పైపు వంశాన్నంతా తిట్టేవాణ్ణి.

వెనక భాగంలో మాత్రం గ్రైండరు ఆడించింది. రవ్వలన్నీ గోడవైపే పోయేలా తను అటు తిరిగి పడుకుంది. నిప్పు కూడా ఆ పిల్ల చెప్పినవైపే వెళ్ళింది!

సాయంత్రానికి సైలెన్సరు దిగింది. ముందు పైపూ వంపూ రేపు.

పడుకునే ముందు మా ఆవిడ, "మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?" అంది.

"దేని గురించి?" అన్నాను.

అటు తిరిగి పడుకుంది.


ఎనిమిదో తారీఖు, శనివారం

పైపు నేనే వంచాను.

నేనే వంచాను, నేనే కోశాను, నేనే రేకు చుట్టాను, బోల్టుల మీద వెల్డింగు పెట్టిందీ నేనే. గ్యారేజీ లేదు, గాడిదగుడ్డూ లేదు. ఐదో తారీఖున రాసింది అబద్ధం. నా పుస్తకంలో నేనే అబద్ధం రాసుకున్నాను. చూసేదెవరు? నేనే కదా! అయినా రాశాను.

మధ్యాహ్నం ముందు పైపు దిగింది. కోడలు దాన్ని వాకిట్లో పరిచి, తీగలు తెంపి, రేకు విప్పింది. కింద నా బొటనవేలు పట్టేంత చిల్లు. తరవాత నన్ను పిలిచి, బండి కింద లైటు వేసి చూపించింది. ఆ చిల్లు ఉండే చోటినుంచి క్యాబిన్ అడుగుదాకా నల్లగా, విసనకర్ర విప్పినట్టు మసి. అది వెళ్ళి వెళ్ళి డ్రైవరు సీటు కింద ఆగింది. అక్కడ తుప్పు తిన్న కన్నం. పైన రబ్బరు పట్టా. ఆ పట్టా వేసింది కూడా నేనే, కాళ్ళకు చలిగాలి తగులుతోందని.

"ఇక్కడ్నుంచి ఇలా వచ్చి, ఇలా ఎక్కి, సరిగ్గా ఈయన సీటు కిందికి" అని కోడలు వేలితో గీసి చూపిస్తోంది. కోపం లేదు ఆ గొంతులో. లెక్క చెప్తున్నట్టు చెప్తోంది. మా వాడు పక్కనే నిలబడి ఉన్నాడు.

పదేళ్ళు ఆ సీట్లో నేనూ కూర్చున్నాను. నాకేమీ కాలేదు. ఎందుకంటే నేను కిటికీ ఎప్పుడూ ఎత్తను. వీధిలో కనబడ్డవాళ్ళందరినీ పలకరించాలి, కేకలు వేయాలి, అదొక జబ్బు నాకు. మొన్న పక్కసీట్లో కూర్చున్నప్పుడూ సగం తల బయటే. మా వాడు నెమ్మది మనిషి. తనవైపు అద్దం ఎత్తుకుని తన మానాన తను నడుపుకుంటాడు. నెమ్మదిగా ఉన్నందుకు వాడికా శిక్ష.

"అమ్మాయ్" అన్నాను. "గ్యారేజీ లేదమ్మా. అది చేసింది నేనే."

కోడలు కళ్ళద్దాలు నెత్తి మీదికి జరిపి నన్ను చూసింది. పైపు చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూసింది.

"ఈ అతుకు మీరు వేసిందా? చెయ్యి బాగుంది మామయ్యా. చోటే తప్పు" అంది.

నన్ను తిట్టి ఉంటే తట్టుకునేవాణ్ణి. పరుపుల కథ మొత్తం చెప్పాను, తెల్ల పరుపు ఆవిడతో సహా. అంతా శ్రద్ధగా విని, "ఒక్కటి అడగనా?" అంది. "సామాను ఎక్కించేటప్పుడు ఇంజను ఆపేస్తే సరిపోయేది కదా?"

మా ఆవిడ మొదలుపెట్టింది నవ్వడం. బఠాణీల పళ్ళెం పక్కన పెట్టి, కొంగు నోట్లో కుక్కుకుని, కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. "అప్పట్లో స్టార్టరు పాడై ఉండేది, ఆపితే నలుగురు తోయాల్సి వచ్చేది" అన్నాను. "స్టార్టరు మార్పించి తొమ్మిదేళ్ళయింది!" అంది మా ఆవిడ. నిజమే. అలవాటైపోయి ఆపలేదు. తొమ్మిదేళ్ళలో నాకు ఒక్కసారి కూడా తట్టలేదు.

మా వాడు నవ్వలేదు. "నాకు తెలుసు నాన్నా. నువ్వు పైపు వంచిన రోజు లైటు పట్టుకుంది నేనే కదా" అన్నాడు.

"మరి మొన్న అమ్మాయి అడిగినప్పుడు చెప్పలేదేంరా?"

"నువ్వే చెప్తావనుకున్నా." తాడు చుట్టుకుంటూ నన్ను చూడకుండా అన్నాడు. "నా గురించైతే అడగనివాళ్ళకు కూడా చెప్పావుగా."




తొమ్మిదో తారీఖు

కోడలు కొత్త పైపుకు కొలతలు తీసుకుంది. టేపు రెండో కొస పట్టుకోమని నన్నే పిలిచింది. పట్టుకున్నాను. కదలకుండా పట్టుకున్నాను.


పదకొండో తారీఖు, మంగళవారం

కొత్త పైపు ఎక్కింది! ఇంజను దగ్గర మొదలై, ట్యాంకుకు జానెడు దూరం పాటిస్తూ, వెనక చక్రాలు దాటి, బండి చివరిదాకా. కొసన కిందికి చిన్న వంపు. "ఎందుకమ్మా ఇది?" అంటే, "మీ పరుపుల కోసం మామయ్యా. పొగ నేలకు కొడుతుంది" అంది. నా పరుపుల కోసమట! అంత జరిగాక కూడా నా పరుపులను గుర్తుపెట్టుకుంది. ఇలాంటి మనిషికి మేం ఇంట్లో ఇన్నాళ్ళూ గిన్నెలు అతికించమని ఇచ్చాం.

క్యాబిన్ అడుగు కన్నానికి దళసరి రేకు వేసింది. సీటూ పట్టా అన్నీ పీకేసి, ట్యాంకుకు మళ్ళీ తడి సంచులు కప్పి మరీ వేసింది. బోల్టులన్నీ కొత్తవి, రేపెవరైనా విప్పుకోగలిగేవి. ఆ మాట నావైపు చూడకుండా అంది, అయినా నాకే తగిలింది.

తరవాత పరీక్ష. పైపు కొసకు గుడ్డ అడ్డం పెట్టి పట్టుకోమని మా వాడికి చెప్పి, ఇంజను వేయించి, అతుకు అతుక్కూ సబ్బు నీళ్ళు పూసింది. పొగ కారే చోట బుడగ లేస్తుందట. మొదటి అతుకు, లేదు. రెండోది, లేదు. మూడోదాని మీద ఒక్క బుడగ లేచింది. ఆవగింజంత.

"ఇంజను ఆపండి" అంది.

"అంత చిన్న బుడగేం చేస్తుందమ్మా?" అన్నాను.

"మీ చిల్లు కూడా మొదట చిన్నదే మామయ్యా."

మొత్తం దించి, ఆ అతుకు కోసేసి మళ్ళీ వేసింది. చీకటి పడుతున్నా అది పూర్తయ్యేదాకా లేవలేదు. మళ్ళీ సబ్బు నీళ్ళు పూస్తే ఒక్క బుడగ లేదు. నా జీవితంలో నేను "పర్లేదులే" అని వదిలేసినవన్నీ ఆ కాసేపట్లో కళ్ళముందు తిరిగాయి. చాలానే ఉన్నాయి.


పదమూడో తారీఖు, గురువారం

ఈ రోజు జరిగింది మెల్లగా రాస్తాను.

పొద్దున మా వాడు ట్రక్కు ఎక్కాడు. ఎక్కనన్నాడు ముందు. "సోమవారం నుంచి నాకు వేరే పని ఉంది, ఇది ఎవరికైనా ఇచ్చేయండి" అన్నాడు. కోడలు చీపురు పట్టుకుని వాకిలి ఊడుస్తూనే, "పైపు చేసింది నేను. నా పని ఎలా ఉందో చూడకుండా పోతావా?" అంది. ఆ మాటకు ఎక్కాడు. అద్దాలు రెండూ ఎత్తుకుని వెళ్ళాడు, పరీక్ష కోసం. అరగంటకు ఒకసారి ఆపి, దిగి, కోడలికి ఫోను చెయ్యాలని ఒప్పందం. రెండు గంటలు తిరిగి నేరుగా ఆస్పత్రికి వెళ్ళి రక్తం ఇచ్చాడు. ఆ రెండు గంటలూ నేను గేటు తీస్తూ వేస్తూ ఉన్నాను. మా ఆవిడ, "ఆ గేటు కూడా ఊడితే మళ్ళీ కోడలే అతకాలి" అంది.

ఫలితం అక్కడే చెప్పారు. పొగ లేదు! తలనొప్పి లేదు! వాడు బండి దిగి తిన్నగా నడిచి వచ్చాడు. వాడి నడకను నేను ఇలా చూసింది వాడు మొదటిసారి అడుగులు వేసినప్పుడే.

గేటు దగ్గర నన్ను చూసి ఆగాడు. "ఎక్కు నాన్నా" అన్నాడు.

ఎక్కాను. ఊరి బయటిదాకా వెళ్ళాం. నేను కిటికీ దించలేదు, ఎవరినీ పలకరించలేదు. కొత్త పైపుతో బండి ఎంత చప్పుడు లేకుండా నడుస్తోందంటే, లోపల మనిషి మింగిన గుటక కూడా వినబడుతుంది. నాది వినబడే ఉంటుంది.

"ఒరేయ్, ఆ ఆదివారం నేనన్న మాటలు..." అన్నాను. మిగతాది రాలేదు. డెబ్బై రెండేళ్ళొచ్చాయి, తిట్లయితే వాటంతటవే వస్తాయి, ఇది మాత్రం వెతుక్కోవాల్సి వచ్చింది. చివరికి, "తప్పు నాదిరా" అన్నాను. "పైపు ఒక్కటే కాదు. నిన్ను నమ్మకపోవడం."

వాడు గేరు మార్చాడు.

"నేను తాగలేదని నాకు ఎప్పుడూ తెలుసు నాన్నా. నాకు చెప్పి ఏం లాభం? విన్నవాళ్ళకు చెప్పు." మళ్ళీ కాసేపటికి, "గిడ్డంగి వాళ్ళకు రావట్లేదని నేను చెప్తా. నువ్వు చెప్పాల్సినవాళ్ళకు నువ్వు చెప్పు."

"ఒక్కరిని కూడా వదలను!" అన్నాను. గట్టిగానే అన్నట్టున్నాను, వాడు ఉలిక్కిపడి, "నాన్నా, నడుపుతున్నా" అన్నాడు. అప్పుడు నవ్వాడు. ఆరు నెలల తరవాత నవ్వాడు. పక్కనుంచి చూశాను, పన్ను మీద పన్ను అలాగే ఉంది.

రేపటినుంచి మొదలుపెట్టాలి. ఎవరినీ మరిచిపోకుండా రాసుకుంటున్నాను.

మా చెల్లెలు. ముందు ఈమెకే. వాడు తాగుతున్నాడని మొదట ఈమె ఒక్కదానికే చెప్పాను, వారంలో పదకొండు ఇళ్ళకు చేరింది. మంచి కబురు కూడా అంత జోరుగా మోస్తుందేమో చూద్దాం.

తమ్ముడు. "ప్రతి ఇంట్లోనూ ఒకడుంటాడులే అన్నయ్యా" అని తన గ్లాసు నింపుకుంటూ నన్ను ఓదార్చాడు. మా ఇంట్లో లేడురా అని చెప్పాలి.

వియ్యంకుడు, వియ్యపురాలు. వీళ్ళకు ఫోను పనికిరాదు, ఇంటికి వెళ్ళాలి. "మీ అమ్మాయి గొంతు కోశామండీ" అని నేనే ఏడ్చాను వాళ్ళ దగ్గర. వాళ్ళ అమ్మాయి ఏమేం కోసిందో, ఎలా కోసిందో, సబ్బు బుడగతో సహా అంతా చెప్పాలి. కోడలు వెంట రాకూడదు. వస్తే మధ్యలో ఆపేస్తుంది.

మా అమ్మాయి. అప్పుడు నా మాట ఇది నమ్మలేదు, ఫోను పెట్టేసింది. నువ్వే గెలిచావని చెప్పాలి. అల్లుడికి విడిగా చెప్పాలి, ఎందుకంటే అతను నమ్మాడు.

బావమరిది. తాగుడు మాన్పించే ఆస్పత్రి చిరునామా తెచ్చిచ్చాడు, పాపం మంచికే. ఆ కాగితం తిరిగి ఇచ్చేసి, తమ్ముడికి ఇమ్మని చెప్పాలి.

తోడల్లుడు. ఈయనకు చెప్పానో లేదో గుర్తులేదు. చెప్పకపోయినా చెప్తాను.

ఆ గేటు స్తంభం ఇంటివాళ్ళు. చుట్టాలు కారు గానీ, అందరికంటే దగ్గరగా విన్నది వాళ్ళే.

మా అక్కయ్య. ఈమెకు బ్రహ్మచెవుడు. అప్పుడు ఆ చెడ్డమాటను ఆమె చెవి దగ్గర నాలుగుసార్లు అరిచి చెప్పాను, వీధంతా విన్నది. ఈ మాటా అలాగే అరిచి చెప్పాలి. ముందు కిటికీలన్నీ తెరిచి.